పెట్టెబండి మీది చిన్న అక్షరములు

గూడ్సుబండి ప్రక్కగా నడచుచు వ్యాగనుల సంఖ్యలు వ్రాసికొనుట ఒక ఉద్యోగమని చెప్పినచో నేటి పిల్లలు నవ్వుదురు. రైల్వేలో ఆ పని చేయువానిని నంబరు టేకరు అనెడివారు. 1980లో నేను ఆ ఉద్యోగమున చేరి, పిదప గూడ్సు ఆఫీసులో గుమాస్తానై, 2018లో విశ్రాంతి పొందితిని. రాత్రివేళ చేతిలో లాంతరు, చంకలో పుస్తకము. యార్డులో బండి నిలిచినదే తడవుగా ఇంజను మొదలు గార్డుగారి బ్రేకువ్యాను వరకు నడువవలెను. ప్రతి వ్యాగను మీదను అది ఏ రైల్వేదో తెలుపు పొడి అక్షరములు, దాని తరగతి, సంఖ్య, ఖాళీ బరువు, మోయదగిన బరువు, కార్ఖానాలో మరమ్మతు జరిగిన తేదీ, మరల పోవలసిన తేదీ వ్రాసియుండును. వానిలో కావలసినవి ఎత్తి వ్రాయవలెను. రంగుతో మాకు పని లేదు. చిన్న అక్షరములతోనే పని.

మా సంఘ కార్యదర్శిగారు ఈ సంచికకు ఏదైన వ్రాయుడని కోరినపుడు, ప్రబంధములను గూర్చియో పండుగలను గూర్చియో వ్రాయుటకు నా మెట్రిక్యులేషను చదువు చాలదని మనవి చేసికొంటిని. వ్యాగనులను గూర్చి యైనచో నాలుగు మాటలు చెప్పగలనంటిని. వారు సరేననిరి. అయితే నేను చెప్పబోవునవి మన వ్యాగనులు కావు. అమెరికా దేశపు వ్యాగనులు. అవియును జానెడు పొడవైనను లేని బొమ్మవ్యాగనులు.

మా పెద్దన్నగారు ఇంజనీరింగు చదివి 1972లో ఆ దేశమునకు పోయి, చికాగో నగరమునకు పడమటనున్న ఒక పేటలో స్థిరపడి, 2019లో కాలధర్మము నొందిరి. వారి ఇంటి నేలమాళిగలో ముప్పది సంవత్సరములపాటు కట్టిన ఒక బొమ్మరైలుమార్గ ముండెడిది. వదినగారు చిన్న ఇంటికి మారదలచి, 2023లో నన్ను పిలిపించిరి. మాళిగ ఖాళీ చేయవలెను. అందులో మూతవ్యాగనులు, అనగా వారు బాక్సుకారులనునవి, మొత్తము నలుబదిమూడు. పాతబొమ్మల వర్తకు డొకడు వచ్చి, అన్నిటికి కలిపి గంపగుత్తగా ఒక ధర చెప్పిపోయెను. అన్నగారి కుమారునికి అవి ఏవో, వానిలో ఏది దేనికి చెందునో తెలియదు. "చిన్నాన్నా, నాన్నగారు ప్రతిదానికీ ఏదో రాసిపెట్టారు. కానీ అంతా తెలుగులో ఉంది, నాకు చదవడం రాదు" అని వాడు నా చేతికి ఒక లావుపాటి నోటుపుస్తకము నిచ్చెను. ఆ పుస్తకము చదువగలవాడను ఆ ఇంట వదినగారు గాక నేనొక్కడనే. వదినగారికి అక్షరములు వచ్చును గాని, "ఒడలు ఎక్స్.29, ఎత్తు ఒప్పదు" అనుదానికి అర్థమేమో ఆమె కెట్లు తెలియును?

ముందుగా ఈ వినోదము సంగతి కొంత చెప్పవలెను. ఆ దేశమున నమూనా రైళ్లు కట్టువారు వేలమంది కలరు. వారి జాతీయసంఘము 1935లో మిల్వాకీ నగరమున ఏర్పడినది. ఎక్కువమంది వాడు కొలత అసలుబండికి ఎనుబదియేడవ వంతు. లెక్క తేలికగా చెప్పవలెనన్నచో అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు. నలుబదియడుగుల బాక్సుకారు ఆ కొలతలో 140 మిల్లీమీటర్లగును. ఇంత చిన్నవస్తువును చూచి "బాగున్నది" అని ఊరకొనువారు కొందరు. అది నిజముగా ఉండిన ఏ బండికి నకలు, ఏ కంపెనీది, ఏ సంవత్సరమున అట్లుండెను అని అడుగువారు కొందరు. మా అన్నగారు ఈ రెండవ తెగకు చెందినవారు. వారి నోటుపుస్తకమున ప్రతి బండికి మూడు గడులు: ఒడలు, అక్షరములు, కాలము. మూడును సరిపడినచో చివర "ఒప్పును" అని, ఒక్కటి చెడినను "ఒప్పదు" అని వ్రాసియున్నది. వారు ఎంచుకొన్న కాలము 1956 అక్టోబరు. ఆ నెల మన తెలుగువారికి మరియొక విధముగా జ్ఞాపకముండునది. తరువాతి నెల మొదటి తేదీననే ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. కాని అన్నగారు దాని నుద్దేశించియే ఎంచుకొనిరని చెప్పజాలను. పుస్తకమున కనబడు కారణము వేరు: ఆవిరి ఇంజనులు ఇంకను కొన్ని మిగిలియుండెను, పాతబ్రేకులు పోయెను అని రెండు ముక్కలు మాత్రమే.

ఈ పిచ్చి వారికెట్లు పట్టినదో నేనూహింపగలను. వారున్న పేట ప్రక్కనే బర్లింగ్టన్ కంపెనీవారి మూడుపట్టాల పెద్దలైను. వారు చేరునాటికి ఆ కంపెనీ పేరు చట్టరీత్యా లేదు. 1970 మార్చిలోనే అది గ్రేట్ నార్తరన్, నార్తరన్ పసిఫిక్ మొదలగువానితో కలిసి బర్లింగ్టన్ నార్తరన్ అయినది. అయినను దినదినము వారి కిటికీ ముందునుండి పోవు బండ్లమీద ఆ పాతపేర్లే యుండెను. వ్యాగనుకు రంగు వేయుట ఖర్చుతో కూడిన పని. కంపెనీలు కలిసినంత మాత్రమున వేలకొలది వ్యాగనులకు ఒక్కనాడే పేరు మారదు. పెన్సిల్వేనియా, న్యూయార్కు సెంట్రల్ కంపెనీలు 1968 ఫిబ్రవరిలో కలిసి పెన్ సెంట్రల్ అయి, 1976 ఏప్రిల్‌లో కాన్‌రెయిల్‌లో కలిసినవి. పెన్సిల్వేనియా పేరుతోనే తిరుగు వ్యాగనులు ఆ పిమ్మటను కనబడుచుండెను.

బరంపురమున స్థిరపడిన మావంటి కుటుంబములకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1936 ఏప్రిల్ 1వ తేదీకి ముందు మా ఊరు మద్రాసు రాజధానిలోనిది, ఆనాటినుండి ఒరిస్సాలోనిది. మా తాతగారు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. రైలుమార్గమును అంతే. బెజవాడనుండి కటకము వరకు 1893 మొదలు 1896 లోపల వేసినది ఈస్టుకోస్టు స్టేటు రైల్వే. పిమ్మట మావైపు భాగము బెంగాలు నాగపూరు రైల్వేకు పోయినది. 1952లో ఈస్టరన్, 1955లో సౌత్ ఈస్టరన్, 2003లో మరల ఈస్టుకోస్టు. మా ఇంట పెద్దలు మాత్రము చివరివరకును బి.ఎన్.ఆర్. అనియే అనెడివారు. అట్టి ఇంట పుట్టినవానికి, లేని కంపెనీ పేరు మోసికొని పోవుచున్న వ్యాగను కనబడినచో కన్ను దానిమీద నిలుచుట వింత కాదు.

ఇక ఒడలి సంగతి. బాక్సుకారులన్నియు ఒకటే పెట్టెలుగా కనబడును గాని, చూడనేర్చినవానికి ఊరిలో ముఖములవలె వేరువేరుగా తెలియును. మొదటి ప్రపంచయుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము రైళ్లను తన చేతిలోనికి తీసికొని, 1918లో కొన్ని ప్రమాణపు నమూనాలు గీయించినది. వానిలో ఒకదానికి ఇనుపచట్రము బయటికి కనబడును, లోపలివైపున చెక్క; ఇంకొకదానికి వెలుపలను చెక్కయే. రెండురకములును సుమారు ఇరువదియైదువేల చొప్పున తయారైనవి. ఆ తరువాత ఉక్కు వచ్చినది. పెన్సిల్వేనియావారు 1924 నుండి కట్టిన ఎక్స్.29 అను రకము పొట్టిగా, చదునైన ప్రక్కలతో నుండును. 1937లో సంఘమువారు నిర్ణయించిన ప్రమాణపు ఉక్కుబండి దానికంటె ఎత్తైనది. 1947 నుండి పుల్‌మన్ కార్ఖానావారు పి.ఎస్.1 అను రకమును వేలకు వేలుగా పోసిరి. వీని కొసగోడలను చూడవలెను; ముడుతలు పడిన రేకువలె నుండు ఆ గోడలో ముడుతల లెక్క, వాని ఆకారము, కాలమును పట్టియిచ్చును. మన వ్యాగనులలో రివెట్లు కొట్టిన నాలుగుచక్రముల పాతబండికిని, ఎనిమిదిచక్రముల బి.సి.ఎన్.కును నడుమ ఎంత తేడా కలదో ఇక్కడను అంత తేడా కలదు. కాని అది చూపులో కాదు, వివరములో నుండును.

కొన్ని బండ్లు మాత్రము దూరమునుండియే పలుకరించును. మిల్వాకీ కంపెనీవారు 1939 మొదలు పదేండ్లకు పైగా తమ సొంత కార్ఖానాలో కట్టుకొన్న బండ్లకు ప్రక్కగోడలపై అడ్డముగా పొడవైన బద్దలవంటి గట్లుండును. అట్టివి మరి ఏ కంపెనీకిని లేవు. బాల్టిమోర్ ఒహాయో కంపెనీవారి కొన్ని బండ్లకు కప్పు వేరు, గోడ వేరు అని లేక, గోడయే వంగి పైకి పోయి కప్పగును. మన గూడుబండి కప్పువలె. వీనికి సంబంధించిన పుటలలో అన్నగారి వ్రాత ఉల్లాసముగా నున్నది. మిల్వాకీ బండిని గూర్చి, "అడ్డబద్దల ఒడలు. ఇంటివంటయే, హోటలు భోజనము కాదు. ఒప్పును" అని యున్నది.

బొమ్మలు చేయువారి అలవాటు ఇంకొకటి కలదు. ఒక్క అచ్చు చేయించుటకు చాల ఖర్చగును. కనుక అచ్చు ఒకటియే యుంచి, అందులోనుండి తీసిన ఒడలికి ఒకమారు శాంటాఫే పేరు, ఒకమారు ఎరీ పేరు, ఒకమారు సదరన్ పేరు అచ్చొత్తుదురు. కొనువాడు తన ఊరి కంపెనీ పేరు చూచి సంతోషించును. వ్యాపారమునకు ఇది మంచిదే, తప్పనను. కాని ఆ సదరన్ కంపెనీ ఆ రకపు కొసగోడగల బండిని ఎన్నడును కొనియుండకపోవచ్చును. మాళిగలో అట్టివి తొమ్మిది వేరొక పెట్టెలో దొరకినవి. అన్నగారు మొదటి సంవత్సరములలో కొన్నవై యుండును. తొమ్మిదింటిని వరుసగా నిలిపి కొసగోడలు చూచితిమి. ఒకతల్లి బిడ్డలు, చొక్కాలు మాత్రము వేరు.

ఒడలు, అక్షరములు కుదిరినవో లేదో ఎట్లు తేల్చుట? దానికొక గ్రంథము కలదు. ఆ దేశమున ఒక కంపెనీ వ్యాగను ఇంకొక కంపెనీ పట్టాలమీదికి పోవును. ఆ కాలమున దినమునకింత అని అద్దె లెక్కయగుచుండెను. అందుచేత ప్రతి కంపెనీకి చెందిన ప్రతి సంఖ్యావరుసలోని వ్యాగనుల లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు, తలుపు వెడల్పు, మోయగల బరువు, ఎన్ని కలవు అను వివరములతో ఒక పెద్ద రిజిస్టరు ఏటికి కొన్నిమారులు అచ్చువేయుచుండిరి. అది గుమాస్తాలకై పుట్టినది. నావంటివానికి అది భాగవతము. 1953 జనవరి నాటి సంచికను నమూనా రైళ్ల సంఘమువారు తిరిగి అచ్చువేసిరి. దాని ప్రతి అన్నగారి బల్లమీద నుండెను. బొమ్మబండి మీది సంఖ్యను ఆ రిజిస్టరులో వెదకి, లోపలి ఎత్తు పదియడుగులా, పదిన్నర అడుగులా చూడవలెను. ఆ ఆరంగుళముల తేడా బొమ్మలో ఒకటిముప్పాతిక మిల్లీమీటరు. వెలుపలినుండి కొలుచునపుడు కప్పు మందము తీసివేయుట మరువరాదు. మేమిద్దరము, నేనును అన్నగారి కుమారుడును, నాలుగు సాయంకాలములు ఇదే పని చేసితిమి. వాడు సంఖ్య చదువును, నేను రిజిస్టరు తీయుదును, వాడు కొలుచును, నేను పుస్తకములో అన్నగారు వ్రాసినది చదివి ఇంగ్లీషులో చెప్పుదును. ముప్పదియొక్క బండ్లు సరిగా కుదిరినవి. ఒక్కదానిలోను అన్నగారి మాట తప్పలేదు.

రిజిస్టరుతో ఒడలు కుదిరినను కాలము కుదరవలెను గదా. ఇక్కడనే చిన్న అక్షరముల పని పడును. అమెరికా బాక్సుకారు మీద కట్టిన నెల, సంవత్సరము ఒకచోట వ్రాసియుండును. ఖాళీ బరువు దగ్గర తూచిన తేదీ వ్రాసియుండును. కొత్తబండికి అచ్చట తేదీతో "కొత్తది" అని యుండును. కొన్నేండ్లు గడచిన పిదప చెక్కలు మార్చి, భాగములు మార్చి బరువు మారును గనుక దానిని మరల తూచి, పాత అంకెలపై రంగు పూసి, తూచిన కార్ఖానా గుర్తుతో కొత్త తేదీ వ్రాయుదురు. ఒడలు పాతబడి మాసియుండును. ఆ చదరపు పూత మాత్రము కొత్తగా మెరయుచుండును. కనుక 1937లో కట్టిన బండి 1956లో తిరుగుచున్నట్లు చూపదలచిన యెడల, దానిమీద 1937 నాటి బరువుతేదీ యుండరాదు. బొమ్మలపై ఎక్కువగా కట్టిననాటి తేదీయే అచ్చొత్తియుండును. అన్నగారు ప్రతిదానిపై ఆ చోట సన్నని కుంచెతో చిన్న చదరపు పూత వేసి, పైన సూదిమొనవంటి అంకెలలో 54, 55, 56 సంవత్సరముల తేదీలు అతికించిరి.

బొమ్మల వర్తకుడు ఈ పూతలనే చూపి, "రంగు దెబ్బతిన్నది" అని ధర తగ్గించియుండెను. అబ్బాయియు అది నమ్మి, అన్నిటికి ఒకే రంగు తెచ్చి ఆ మచ్చలు కప్పివేయుటకు సిద్ధపడి, రంగుసీసా కూడ కొనియుంచెను. నేను భూతద్దము తీసి వానికి ఆ తేదీలు చూపితిని. మన యార్డులో మరమ్మతు తేదీ మార్చినపుడు నల్లని చదరము పూసి తెల్లని అంకెలు వేయుదురని, ఆ చదరము చూచియే బండి కార్ఖానానుండి ఎప్పుడు వచ్చినదో మేము చెప్పెడివారమని తెలిపితిని. నేడు మన వ్యాగనులకు పదునొకండంకెల సంఖ్య కలదు. అందులో ఐదవ, ఆరవ అంకెలు కట్టిన సంవత్సరమును తెలుపును. వారి బండ్లకు ఆ సదుపాయము లేదు. చదరపు పూతయే ఆధారము. అబ్బాయి చాలసేపు అద్దములోనుండి చూచి, రంగుసీసా మూత తీయకుండగనే పైన అలమారులో పెట్టివేసెను.

కాలమును తెలుపు గుర్తులు మరికొన్ని కలవు. కప్పుమీద ఈ కొసనుండి ఆ కొస వరకు ఒక నడకపలక యుండును. పూర్వము బ్రేకులు త్రిప్పువాడు బండి నడచుచుండగనే దానిమీద నడచి పోవలసినవాడు. 1966 తరువాత కట్టిన బండ్లకు ఆ పలక లేదు, పాతవానికిని క్రమముగా తీసివేసిరి. 1956 బండికి పలక లేకున్న అది తలపాగా లేని పెండ్లికొడుకు. క్రింద చూచినచో, కె రకపు పాత గాలిబ్రేకు, ఏ.బి. రకపు కొత్త గాలిబ్రేకు అని రెండు విధములు. 1933 తరువాత కొత్తబండ్లకు రెండవదే, 1953 తరువాత మొదటిదానిని ఇతర కంపెనీల పట్టాలమీదికి రానీయలేదు. పుస్తకములో అన్నగారు చెప్పిన "పాతబ్రేకులు పోయెను" అను మాటకు అర్థమిదే. ప్రక్కగోడమీద రంగురంగుల గీతల పలక యున్నచో అది 1967 తరువాతిది; యంత్రము చదువుటకై పెట్టి, సరిగా చదువలేక 1977లో వదలివేసిరి. చక్రముల దగ్గర పసుపుపచ్చని చుక్క యున్నచో 1978 నాటిదో పిమ్మటిదో. ఇట్లు ఒక్కొక గుర్తు ఒక్కొక తలుపు మూయును, ఒక తలుపు తెరచును.

రెండవ యుద్ధకాలపు బండ్ల విషయము కొంచెము చిక్కైనది. ఉక్కు యుద్ధమునకు పోవుచుండుటచేత 1943, 44 సంవత్సరములలో ఉక్కుచట్రముపై చెక్క బిగించి బాక్సుకారులు కట్టిరి. యుద్ధము ముగిసిన పిదప కొన్ని కంపెనీలు చెక్క తీసి ఉక్కురేకు వేసినవి, కొన్ని వేయలేదు. సంఖ్య అదే, కంపెనీ అదే, చర్మము మాత్రము మారినది. రిజిస్టరు ఇక్కడ చాలదు. తేదీ తెలిసిన ఫోటో కావలెను. అన్నగారు అట్టి బండికి రెండుపుటలు కేటాయించి, మూడు ఫోటోలు అతికించి, ఏ ఫోటో ఏనాటిదో ప్రక్కనున్న ఇతర బండ్ల బరువుతేదీలను బట్టి లెక్కగట్టిరి. ప్రక్కబండి మీద 55 అని కనబడినచో ఆ ఫోటో అంతకు ముందటిది కానేరదు గదా. ఇంతటి తర్కము ఆఫీసులో మా పై అధికారులు ఏ నష్టపరిహారపు కేసులోను చేయగా నేను చూడలేదు.

మనుమలకు ఈ రైలు నచ్చలేదనుట నిజము. "అన్నీ మట్టిరంగే ఎందుకు?" అని చిన్నవాడడిగెను. బొమ్మలదుకాణములో పసుపు, నీలము, ఎరుపు బండ్లు ఎక్కువ అమ్ముడుపోవును. న్యూయార్కు సెంట్రల్ వారి పేస్‌మేకరు బండి ఎరుపు, బూడిదరంగులతో 1946లో వచ్చినది. మెయిన్ రాష్ట్రపు బంగాళాదుంపల కంపెనీ బండి ఎరుపు తెలుపు నీలము పట్టీలతో నుండును. ఇవి లేనివి కావు. కాని వందబండ్ల గూడ్సులో అవి ఒకటియో రెండో. బాక్సుకారులు దేశమంతట తిరుగును గనుక, ఏ పెద్దలైను మీద చూచినను ఏ కంపెనీకి ఎన్ని బాక్సుకారులున్నవో ఆ పాళ్లలోనే అవి కనబడవలెనని వారిలో లెక్కలు తెలిసినవారు వాదింతురు. ఆ లెక్కను పెన్సిల్వేనియా, న్యూయార్కు సెంట్రల్ బండ్లు మెండుగా నుండవలెను, అవి తుప్పురంగువే. అన్నగారి ముప్పదియొక్కటిలో వన్నెగలవి మూడు. వానిలో ఒకటి న్యూహేవెన్ కంపెనీది. పెద్ద అక్షరములు ఒకదానిమీద ఒకటి నిలిపిన గుర్తుగలది. 1954లో ఆ కంపెనీకి అధ్యక్షుడైన మెక్‌గిన్నిస్ అనునాయన పాతగుర్తు తీసివేసి, హెర్బర్ట్ మాటర్ అను చిత్రకారునిచేత దానిని గీయించెను. ఆయన 1956 ఆరంభముననే ఆ పదవి విడిచిపోయెను, గుర్తు నిలిచిపోయెను. అన్నగారు దాని ప్రక్కను "కొత్త పెండ్లికూతురు, ఒక్కటి చాలును" అని వ్రాసిరి.

ఇక మిగిలినవి మూడు. ఒకటి చెక్కబండి, దాని బోగీలు ఇనుపబద్దలను వంచి బోల్టులతో బిగించిన పాతరకమువి, అట్టివి 1940 దశకారంభమునకే ఇతర కంపెనీల పట్టాలమీద చెల్లకపోయెను. ఒకటి నడకపలక లేనిది. మూడవది పసుపుపచ్చని పెద్దబండి, తలుపులు నల్లనివి. రెయిల్‌బాక్స్ అను పేరుతో 1974లో కంపెనీలన్నియు ఉమ్మడిగా వాడుకొనుటకై పుట్టించిన బండి అది. ఏ ఊరినుండి ఏ ఊరికైనను సరకు నింపికొని పోవచ్చును, ఖాళీగా సొంత ఇంటికి తిరిగి రానక్కరలేదు. 1956 రైలులో దానికి చోటెక్కడిది? పుస్తకమున వెదకితిని. మూడుగడులలో రెండు ఖాళీ. కాలము అనుచోట "1975 ఫిబ్రవరి, స్టేషనులో, మంచు" అని మాత్రమున్నది. ఒప్పుననియు లేదు, ఒప్పదనియు లేదు.

వదినగారిని అడిగితిని. ఆమె బండిని చేతిలోనికి తీసికొని, "నేను ఈ దేశానికి వచ్చిన రెండో రోజు నాయనా. ఊళ్లోకి వెళ్దామని ప్లాటుఫారం మీద నిలబడ్డాం. చెప్పుల్లోకి మంచు పోయింది. ఏడుపొస్తోంది నాకు. అంతలో గూడ్సు వచ్చింది, మధ్యలో ఇలాంటివి నాలుగు, పసుపు పూసిన గడపల్లాగ. మీ అన్నయ్య నంబర్లు రాసుకుంటూ నిలబడ్డారు, నా వంక చూడనైనా లేదు" అనెను. ఆ మాట చెప్పుచు ఆమె నవ్వినది గాని, బండిని మాత్రము తిరిగి బల్లమీద పెట్టలేదు.

వర్తకునికి రావలదని కబురు చేసితిమి. ముప్పదియొక్క బండ్లను విడదీయక, ఆ పేటలోని నమూనా రైళ్ల సంఘమువారి కిచ్చితిమి. వారికి నోటుపుస్తకము అర్థము కావలెను గనుక నేను చెప్పగా అబ్బాయి ఇంగ్లీషులో జాబితా తయారుచేసెను: కంపెనీ, సంఖ్య, ఒడలి రకము, కట్టిన తేదీ, తూచిన తేదీ, ఆధారము. కడపటి గడిలో "ఒప్పును" అను తెలుగుమాటను అట్లే యుంచెదనని వాడే యనెను. ప్రతిపుటలోను అది చూచిచూచి, చదువను రానివాడు ఆ ఒక్క మాటను గుర్తుపట్ట నేర్చినాడు. "ఒప్పదు" అనుదానిలో తేడా ఎక్కడనో కూడ చూపగలడు. తొమ్మిది కవలలను మనుమలు పంచుకొనిరి. చెక్కబండిని నేను తెచ్చుకొంటిని. బరంపురమున మా బీరువాపైన నున్నది, చూడదలచిన సభ్యులు రావచ్చును.

పసుపుబండి జాబితాలో నలుబదిమూడవది. అబ్బాయి దాని కెదురుగా కాలము 1974 అని కొట్టెను. వదినగారు ప్రక్కన నిలిచి, "1974 కాదురా, 1975 ఫిబ్రవరి అని పెట్టు" అని చెప్పి, వాడు దిద్దువరకు నిలిచి చూచి, బండిని వంటింటి కిటికీలో ఉప్పుజాడీ ప్రక్కను పెట్టుకొనిరి.